తాటి మొక్క లేవలేదా? ఎత్తు కాదు, మొదలు చూడండి

దక్షిణ ఒడిశాలో, బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ పెరడున్న ఇంటికి వెళ్ళి మొక్కల మాట కదిపి చూడండి. మామిడి కాపు గురించి గొప్పలు, మల్లె గురించి మురిపాలు అయ్యాక, ఏ తాటి మొక్క దగ్గరికో, కొండల్లో పెరిగే, తాటి కుటుంబానికే చెందిన జీలుగు మొక్క దగ్గరికో వచ్చేసరికి గొంతు మారుతుంది. "మూడేళ్ళయిందండీ. పెట్టినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే." ఆ తరవాత వచ్చే మాటలూ దాదాపు ఒకటే. నర్సరీవాడు మోసం చేశాడు, నేల మంచిది కాదు, నీళ్ళు చాలలేదు. వీటిలో ఏదో ఒకటి నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు గానీ, చాలా పెరళ్ళలో ఆ మొక్క నిక్షేపంగా పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదల మన కంటికి ఆనని చోట జరుగుతుంటుంది.

ఇది తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. ఎదగడం లేదని గుప్పెడు యూరియా వేస్తారు. చోటు నచ్చలేదేమోనని తవ్వి ఇంకో మూలకు మారుస్తారు. కింది ఆకులు పసుపెక్కాయని కోసేస్తారు. తాడి, కొబ్బరి వంటి తాళజాతి మొక్కకు ఈ మూడూ దెబ్బలే. బతికి బాగున్న మొక్క ఈ వైద్యంతో పోతుంది. పోయాక "చెప్పానుగా, అది ఎదిగే రకం కాదు" అనడం ఎలాగూ ఉంటుంది.

ముందు వెడల్పు

మామిడి మాను ఏటేటా లావెక్కుతుంది. బెరడుకూ చెక్కకూ మధ్య ఉండే సన్నని సజీవ కణాల పొర ఏటా కొంత చెక్కను చేరుస్తూ పోతుంది. అందువల్ల మామిడి మొక్క చిటికెన వేలంత సన్నంగా ఉన్నప్పుడే పైకి పరుగెత్తి, లావు సంగతి తరవాత చూసుకోవచ్చు. తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు వంటి తాళజాతి చెట్లకు ఆ పొర లేదు. మాను ఒకసారి నేల మీదికి లేచాక చెప్పుకోదగినంత లావు కావడం అరుదు. అంటే ఎనభై తొంభై అడుగుల తాడిని గాలివానలో నిలబెట్టవలసిన మొదలు ఎంత లావుండాలో, అంత లావునూ పైకి లేవకముందే కూడగట్టుకోవాలి.

అందుకే తొలి ఏళ్ళలో దాని పనంతా నేల మట్టం దగ్గరా, దాని కిందా సాగుతుంది. కాండపు కణుపులు పొట్టిపొట్టిగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ప్రతి కణుపూ తన కిందిదాని కంటే కాస్త వెడల్పు. ఆ దశలో మొక్కను నిలువునా కోస్తే, మొన కిందికి పెట్టి పాతిన బొంగరంలా కనిపిస్తుంది. ఆ బొంగరం నిండు వెడల్పుకు వచ్చేదాకా మాను లేవదు. తాడిలో కాండం నేల మీద కంటికి కనబడడానికే ఐదారేళ్ళు, నేల బీదదైతే ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

వేళ్ళ లెక్క కూడా దీనితోనే ముడిపడి ఉంది. తాళజాతికి తల్లివేరు నిలవదు. మొదలు నుంచి పుట్టుకొచ్చే పీచు వేళ్ళే దానికి దిక్కు. మానులాగే ఆ వేళ్ళూ పుట్టినప్పుడు ఎంత లావో చివరిదాకా అంతే ఉంటాయి. ఎక్కువ నీరు కావాలంటే పాత వేరు లావెక్కే మార్గం లేదు, కొత్త వేళ్ళు పుట్టాల్సిందే. కొత్త వేళ్ళకు చోటు కావాలంటే మొదలు వెడల్పు కావాలి. వేళ్ళు పెరిగితేనే పెద్ద ఆకు, పెద్ద ఆకు వస్తేనే మరికాస్త వెడల్పు. ఈ చక్రం మొదట్లో ఎంత నెమ్మదిగా తిరుగుతుందో, నాలుగైదేళ్ళ తరవాత అంత వేగం అందుకుంటుంది. ఆకస్మికంగా "ఈ ఏడు ఒక్కసారిగా లేచింది" అని మనం ఆశ్చర్యపోయేది అప్పుడే.

కొబ్బరి పండించేవాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు. కొబ్బరి పరిశోధన కేంద్రాలు నాటదగిన మొక్కకు చెప్పే గుర్తుల్లో ఎత్తుకు పెద్ద పీట లేదు. ఏడాది వయసుకు కనీసం ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు, ఆకులు తొందరగా ఈనెలుగా చీలడం, వీటినే చూడమంటారు. సన్నగా, పొడుగ్గా సాగిన మొక్క నీడలో పెరిగిందనో, గింజ ఆలస్యంగా మొలిచిందనో అనుమానించి పక్కన పెడతారు. నర్సరీకి వెళ్ళిన మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ఎత్తుగా ఉన్నదాన్ని ఏరుకొని, అదే ధరకు పెద్ద మొక్క దొరికిందని సంబరపడతాం.

కాబట్టి తాళజాతి మొక్కకు కొలతబద్ద మార్చాలి. ఏటా సంక్రాంతికి మొదలు చుట్టూ ఒక దారం తిప్పి, ఎంతుందో గోడ మీదో క్యాలెండరు మీదో రాసి పెట్టండి. కొత్తగా విచ్చుకున్న ఆకు దాని ముందటి ఆకు కంటే వెడల్పుగా ఉందా, ఎక్కువ చీలికలతో ఉందా చూడండి. తాటి మొక్క తొలి ఆకులు విసనకర్రలు కావు, కత్తి రేకుల్లా సన్నని ఒంటి ఆకులు. ఏడాదికేడాది అవి వెడల్పై, మడతలు తేరి, అంచులు చీలి, చివరికి మనకు తెలిసిన తాటాకు అవుతుంది. ఆ మార్పు జరుగుతున్నంత కాలం మొక్క ఎత్తు పెరగలేదని బెంగపడనక్కర్లేదు. ఆకుల పరిమాణం తగ్గుతూ వస్తుంటే మాత్రం, మొక్క ఎంత పొడుగున్నా, ఏదో తేడా ఉన్నట్లే.

ఇక్కడ చేవ గురించి ఒక ముక్క. టేకులోనూ మద్దిలోనూ చేవ నడిమధ్యన ఉంటుంది. తాడిలో అది అంచున ఉంటుంది. నల్లని గట్టి పీచులు మాను చుట్టుకొలత వెంబడి దట్టంగా కూరుకుని, నడిబొడ్డున మెత్తని గుజ్జులాంటి చెక్క మిగులుతుంది. ఆ పీచు కణాల గోడలు దశాబ్దాల తరబడి దళసరి అవుతూనే ఉంటాయి. పాతకాలం పెంకుటిళ్ళకు దూలాలు, వాసాలు కోసేవాళ్ళు ముదురు తాళ్ళనే వెతికింది అందుకే. లేత తాడి లావులో దానికి తీసిపోకపోయినా బరువు మోయదు.

తేగను చీల్చి చూస్తే

తాడి ఎందుకు ఇంత నిదానమో ఒక తేగ చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. భాద్రపదంలో తాళ పిఠా చేసుకునే ఒడియా ఇళ్ళు, తాటి బూరెలు వండే తెలుగు ఇళ్ళు ఈ ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో పక్కపక్కనే ఉంటాయి. గుజ్జు పిండగా మిగిలిన టెంకలు రెండిళ్ళ పెరళ్ళలోనూ మిగులుతాయి. వాటిని గుల్లగా చేసిన మట్టి మీద పేర్చి పాతర వేస్తే, చలికాలం వచ్చేసరికి తేగలు తవ్వుకోవచ్చు.

ఆ పాతరలో జరిగేది చిత్రమైన పని. చాలా గింజలు మొలకను పైకి పంపుతాయి. తాటి టెంక కిందికి పంపుతుంది. టెంక నుంచి ఒక గొట్టం లాంటి కాడ బయటికొచ్చి నిటారుగా నేలలోకి దిగుతుంది. పిండం ఆ కాడ కొసన కూర్చుని కిందికి ప్రయాణం చేస్తుంది. టెంక నేల మీదే ఉంటుంది, మొక్క మాత్రం జానెడు మూరెడు లోతున పుడుతుంది. టెంకలోని ఆహారాన్ని తెల్లని స్పంజి లాంటి బుర్రగుజ్జు కరిగించి పీల్చుకుని ఆ కాడగుండా కిందికి దించుతుంది. ఆ సరుకంతా చేరి దళసరెక్కిన మొలకే తేగ. కాల్చిన తేగ పైపొర ఒలిచి, నిలువునా రెండుగా చీల్చితే మధ్యలో లేత పసుపు రంగు మొన ఒకటి కనిపిస్తుంది. పిల్లలు చందమామ అని పోట్లాడుకుని తినేది దాన్నే. మొక్కకు తొలి ఆకూ, ఎదిగే మొన కూడా అక్కడే ఉన్నాయి. మనం నమిలే పిండి పదార్థం, ఆ మొన తొలి వేసవిని గట్టెక్కడానికి దాచుకున్న బత్తెం.

ఇంత లోతుకు ఎందుకు దిగాలంటే, తాడి పుట్టి పెరిగిన నేలలు అలాంటివి. ఎండాకాలం నిప్పంటుకునే గడ్డి మైదానాలు, పశువులు మేసే బీళ్ళు. గజపతి, రాయగడ కొండల్లో పోడు కాల్చిన చోట చూడండి, చుట్టూ అంతా బూడిదైనా చిన్న తాటి మొక్క మళ్ళీ ఆకు తీస్తుంది. ఎదిగే మొన నేల లోపల భద్రంగా ఉండడమే దాని రహస్యం. బయట ఆకు కాలినా, మేక కొరికినా, లోపల పని ఆగదు.

పెరట్లో తాడి పెంచాలనుకునేవాళ్ళు దీని నుంచి నేర్చుకోవలసింది ఒకటే: టెంకను చెట్టు ఉండాల్సిన చోటనే పెట్టండి. బాగా పండి రాలిన కాయల టెంకలు, పీచు కాస్త శుభ్రం చేసి, బెత్తెడు లోతు గుంటలో పడుకోబెట్టి మట్టి కప్పితే చాలు. వానాకాలం చివర పెడితే తొలి ఆకు నేల చీల్చుకుని రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా అక్కడేమీ లేదనుకుని తవ్వేసే తోటమాలి ఒక ప్రమాదం, తేగ వాసన పట్టే అడవి పంది ఇంకో ప్రమాదం. కొండ అంచు ఊళ్ళలో రెండోదాని కోసం చుట్టూ ముళ్ళకంప పాతాలి. మొదటిదాని కోసం ఒక కర్ర గుచ్చి పెడితే సరిపోతుంది.

తవ్విన తేగను తెచ్చి కుండీలో నాటడం, చిన్న సంచిలో టెంక మొలిపించి ఏడాది తరవాత మార్చడం, ఈ రెండు పనులూ చాలామంది చేస్తారు. తేగ తవ్వినప్పుడే టెంకతో లంకె తెగుతుంది, కింది వేళ్ళు తెగుతాయి. చిన్న సంచిలో అయితే కిందికి దిగే కాడ అడుగున తగిలి మెలిక పడుతుంది. తప్పనిసరిగా సంచిలోనే పెంచాలంటే మూరకు తక్కువ కాకుండా లోతున్న, సన్నని పొడుగు సంచులు వాడాలి. మొలక బయటికి తొంగి చూడగానే, కాడ దిగకముందే, అందులోకి చేర్చాలి. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద పనిచేస్తోంది. అయినా ఇంటి పెరటికి మన తాతలు చేసినట్లు ఉన్నచోటనే విత్తడాన్ని మించిన ఉపాయం ఇంకా రాలేదనే నా అభిప్రాయం.

అన్నీ తాడిలా దిగవు

కొబ్బరి, పోక మొలకలు గింజను అంటిపెట్టుకునే పైకి లేస్తాయి. అందుకే వాటిని నారుమడిలో పెంచి మార్చడం తేలిక. కొబ్బరి కాయ మూడు నాలుగు నెలల్లో మొలుస్తుంది. ముందు మొలిచినవాటినే ఏరుకోవాలి, ఆలస్యంగా లేచినవి జీవితమంతా ఆలస్యమే. పోక మొక్కకు మొదటి రెండు మూడేళ్ళు నీడ తప్పనిసరి. పడమటి ఎండ నేరుగా మాను మీద పడితే కాలిన మచ్చలు పడి, అక్కడే చీలుతుంది. అరటి చెట్ల మధ్య పోక పెట్టే పాత పద్ధతి వెనకున్న తర్కం అదే. ఈత కూడా తాడిలాగే మొలకను కిందికి దించే రకమే, కాకపోతే అంత లోతుకు పోదు.

జీలుగు సంగతి వేరు. ఒడియా వాళ్ళు సలప అనే ఈ చెట్టు కొండ ప్రాంతాల సొత్తు. సవర, కోంధు ఊళ్ళలో ఒక్కొక్క జీలుగు చెట్టుకు ఒక్కొక్క ఇంటి హక్కు ఉంటుంది. జయపురం, పొట్టంగి వైపు చల్లని తడి గాలికి అది హాయిగా పెరుగుతుంది. గోపాలపురం తీరపు ఉప్పుగాలిలో ఆకు అంచులు మాడతాయి. పెరట్లో పెట్టేవాళ్ళు ముందే తెలుసుకోవలసిన విషయాలు రెండున్నాయి. పండు గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. ఒట్టి చేతులతో పిసికి గింజ తీస్తే దురదతో రాత్రంతా నిద్ర ఉండదు, చేతికి తొడుగులు వేసుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం: జీలుగు ఒక్కసారే పూతకు వస్తుంది. పది పదిహేనేళ్ళు ఆకులు మాత్రమే పెంచి, తరవాత నెత్తిన మొదటి గెల వేసి, ఏటేటా కిందికి దిగుతూ గెలలు వేసి, అట్టడుగు గెల అయ్యాక చెట్టే చచ్చిపోతుంది. తెగులు తగిలిందని మందులు కొట్టించిన ఇళ్ళున్నాయి. కింద ఒకటి రెండు పిల్ల మొక్కలు ముందుగానే పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. శ్రీతాళానిది ఇదే స్వభావం, ఇంకా పెద్ద ఎత్తున. ముప్ఫై నుంచి ఎనభై ఏళ్ళు ఆగి, చెట్ల లోకంలోకెల్లా పెద్ద పూలగుత్తి ఒకటి వేసి పోతుంది. తాళపత్ర గ్రంథాలకు పేరుపడ్డ ఆ ఆకు మీద మోజుతో ఇంటి ముందు పెట్టుకుంటామంటే, మనవళ్ళ కోసం పెడుతున్నామని తెలిసి పెట్టాలి.

అలంకారానికి అమ్మేవాటిలో బిస్మార్కియా, బాటిల్ పామ్, రఫిస్ నిదానపు రకాలు. మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్కియాకు వెండి రంగు ఆకులు, విపరీతమైన వేళ్ళ పట్టింపు. సంచి చింపేటప్పుడు మట్టిముద్ద విడిపోతే కోలుకోవడం కష్టం. బాటిల్ పామ్‌కు ఎప్పుడూ కొద్దిపాటి ఆకులే ఉంటాయి. "ఆకులు రావడం లేదు" అనే ఫిర్యాదు ఆ మొక్క విషయంలో అన్యాయం. సైకస్‌ను కూడా పామ్ అని అమ్ముతుంటారు. అది తాళజాతి కాదు, దాని పద్ధతులు దానివి, ఇక్కడ దాని జోలికి పోను.

కొనేటప్పుడు, నాటేటప్పుడు

బరంపురం నర్సరీల్లోని మొక్కల్లో చాలావరకు కడియం నుంచి లారీల్లో వచ్చేవే. నీడవల కింద పెరిగిన మొక్క తెచ్చిన రోజే ఎండలో పెడితే ఆకులు తెల్లబారి కాలిపోతాయి. రెండు మూడు వారాలు చెట్టు నీడన ఉంచి, పొద్దుటి ఎండకు అలవాటు చేసి, తొలకరి పడ్డాక నాటాలి. తాళజాతి వేళ్ళు వెచ్చని నేలలోనే చురుగ్గా పెరుగుతాయి. జూన్, జులైలో నాటిన మొక్కకు చలికాలం లోపు కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. కొరాపుట్ పీఠభూమిలో చలి రాత్రులు పది డిగ్రీల దిగువకు పోతాయి, అక్కడ కార్తికంలో నాటిన మొక్క మాఘం దాకా చలనం లేకుండా ఉంటుంది.

వేళ్ళు సంచిలో గుండ్రంగా చుట్టుకుపోయాయని భయపడకండి. మామిడికో పనసకో అది ముందుముందు ఉరితాడు అవుతుంది. తాళజాతి వేళ్ళు లావెక్కవు గనుక ఒకదాన్నొకటి బిగించవు. చుట్టలను విడదీస్తామని వేళ్ళు కోయడమే తప్పు. తెగిన వేరు ఏమవుతుందన్నది జాతిని బట్టి మారుతుంది. 1980లలో ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనల్లో, కొబ్బరి వేళ్ళు తెగితే సుమారు సగం మళ్ళీ చిగురించాయి, అక్కడి సబాల్ అనే నిదానపు తాళజాతిలో తెగిన వేళ్ళు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. నిదానంగా పెరిగే మొక్కను కదపవద్దని పెద్దలు చెప్పే మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

లోతు విషయంలో చాలామంది తడబడతారు. సంచిలో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతవరకే ఉండాలి. నిలబడడం లేదని మొదలు పూడ్చితే మొవ్వు, అంటే ఎదిగే మొన, తడిలో కూరుకుపోయి కుళ్ళుతుంది. ఒరిగే మొక్కకు మూడు కర్రల ఊతం ఇవ్వండి గానీ మట్టి ఎగదోయకండి. పర్లాకిమిడి వైపు ఎర్ర నేలల్లో అడుగున మొరం గట్టిగా తగులుతుంది. అక్కడ గుంత వెడల్పుగా తవ్వి, చెరువు మట్టి, మాగిన పశువుల గత్తం కలిపి నింపాలి. ఛత్రపురం, గోపాలపురం ఇసుకలో నీరు నిలవదు, అక్కడ కొబ్బరి పీచు అడుగున పరిస్తే తేమ ఆగుతుంది. వంశధార, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్ళలో నీరు నిలిచే పెరడైతే మట్టి ఎత్తు చేసి దాని మీద నాటాలి.

పచ్చని ఆకు, పసుపు ఆకు

తాళజాతి ఆకలి ప్రధానంగా పొటాష్ ఆకలి. వానలు ఎక్కువ పడే ఈ ఎర్ర నేలల్లోనూ తీరపు ఇసుకల్లోనూ పొటాష్ కొట్టుకుపోతుంది. కొరత వచ్చినప్పుడు మొక్క తన పాత ఆకుల్లోని పొటాష్‌ను పీల్చి కొత్త ఆకుకు పంపుతుంది. కింది ఆకులు పసుపు మచ్చలు పడి, కొసలు ఎండి, చూడడానికి రోగిష్టిగా కనబడేది అందుకే. ఆ ఆకులను అందం కోసం కోస్తే మొక్క నోటి దగ్గరి కూడు తీసేసినట్లే. అది పైన ఉన్న ఇంకో ఆకును పీల్చడం మొదలుపెడుతుంది. పండగకు ముందు, గృహప్రవేశానికి ముందు నెత్తిన నాలుగాకులు మిగిల్చి మొక్కకు క్షవరం చేయించే అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పూర్తిగా ఎండి, వేలాడుతున్న ఆకు తప్ప మరేదీ కోయకూడదు.

బూడిద, గత్తం, ఏడాదికి రెండు మూడు విడతలు కొద్దికొద్దిగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే పెరటి మొక్కకు చాలు. యూరియా ఒక్కటే వేస్తే పచ్చదనం ఎగబాకి పొటాష్ కొరత ఇంకా ముదురుతుంది. కొత్త ఆకు ముడుచుకుని, కొస కొక్కెంలా వంగి, విచ్చుకోలేకపోతుంటే బోరాన్ తక్కువైందని అర్థం. చిటికెడు బోరాక్స్ నీళ్ళలో కలిపి మొదట్లో పోస్తే సరిపోతుంది. ఎక్కువైతే అదే విషం, చెంచాలతో కొలిచి పోయాలనే ఉత్సాహం వద్దు.

మొవ్వు ఒక్కటే ఉండడం ఈ చెట్ల అసలు బలహీనత. వేపకు కొస విరిగితే పక్క నుంచి పది చిగుళ్ళు వస్తాయి. తాడికీ కొబ్బరికీ ఆ వీలు లేదు, మొవ్వు పోతే చెట్టు పోయినట్లే. కొమ్ము పురుగు మొవ్వులోకి తొలుచుకుపోతే, ఆ ఆకు విచ్చుకున్నాక రెండు వైపులా వరసగా త్రికోణపు కోతలు కనిపిస్తాయి. ఆ పురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పలో. అందుకే గత్తం కుప్పను మొక్కలకు వీలైనంత దూరంగా పెట్టండి, అప్పుడప్పుడు తిరగేసి తెల్లని గొంగళ్ళను కోళ్ళకు వేయండి. చిన్న కొబ్బరి మొక్కలకు ఆకు మట్టల మొదట్లో మూడు నాలుగు నాఫ్తలీన్ ఉండలు పెట్టి సన్న ఇసుక కప్పడం, లేదా వేపపిండి, ఇసుక కలిపి వేయడం వాడుకలో ఉన్న పద్ధతులే. మొవ్వు కుళ్ళు ఇంకా దారుణం. గోదావరి డెల్టాలో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో తాళ్ళను తుడిచిపెట్టిన తెగులు అదే. దానికి కారణమైన బూజును వృక్షరోగ శాస్త్రవేత్త ఇ. జె. బట్లర్ భారతదేశంలో పరిశోధిస్తూనే 1907లో గుర్తించి వర్ణించాడు. వానల్లో నడిమి లేత ఆకు చేత్తో లాగితే ఊడివచ్చి, మొదట్లో దుర్వాసన వేస్తే ఆ మొక్కను తీసి కాల్చేయడమే మిగిలినవాటికి రక్ష.

ఆడా మగా, పిడుగూ తీగా

తాడిలోనూ ఈతలోనూ పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. పూత చూడనిదే ఏది ఏదో తేలదు. తాడి పూతకు రావడానికి 12 నుంచి 20 ఏళ్ళు. ముంజెల ఆశతో ఒక్క టెంక పాతి ఇరవయ్యేళ్ళు కాచాక అది పోతుతాడని తేలితే ఎవరిని అడుగుతాం? చోటుంటే నాలుగైదు పెట్టడమే నయం. ముంజెల కోసం కాక నీడకో, గట్టుకో, ఆకుకో పెట్టేవాళ్ళకు ఈ చిక్కు లేదు.

ఒడిశా పిడుగుపాటును 2015లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఎత్తుగా నిలిచి పిడుగును తన మీదికి తీసుకుంటుందని, 2024లో సుమారు 19 లక్షల తాటి మొక్కలు నాటే ఆలోచనకు ప్రభుత్వం దిగింది. ఉద్దేశం మంచిదే. కానీ బొంగరం నిండి, మాను లేచి, చుట్టుపక్కల చెట్ల తలలు దాటేసరికి ఒక తరం గడుస్తుంది. ఆ కొత్త మొక్కలు పిడుగులు కాసేలోగా పొలం గట్ల మీద ఉన్న పాత తాళ్ళను ఇటుక బట్టీలకు కొట్టేయకుండా చూడడమే అసలైన రక్షణ. పిడుగును కాసే చెట్టు కాబట్టే దాని కింద నిలబడకూడదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

తుపాను సంగతి ఈ జిల్లాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన పైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి కొండల్ని ముంచిన తిత్లీ కొబ్బరి తోటల్ని కూల్చాయి. మొదలు నిండకముందే ఎరువులతో ఎత్తుకు తోసిన మొక్క, వేళ్ళు కోసి తెచ్చి నాటిన పెద్ద చెట్టు గాలికి ముందు పడతాయి. గాలి పోయాక ఒరిగిన చిన్న మొక్కను నెమ్మదిగా నిలబెట్టి, వేళ్ళు ఎండకు ఎండకముందే మట్టి కప్పి, కర్రల ఊతం కట్టాలి. మేకులు మానుకు కొట్టకూడదు, ఆ గాయం మానే బెరడు తాళజాతికి లేదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఇంటి గోడ గురించి భయం అక్కర్లేదు. వేళ్ళు లావెక్కవు గనుక గోడను ఎత్తిపడేయవు, నాలుగైదు అడుగుల ఎడం చాలు. మట్టలు, కాయలు రాలే దారిని మాత్రం వదలండి. చూడవలసింది తల పైన. కరెంటు తీగ కింద పెట్టిన వేపకు కొమ్మలు నరికి సరిపెట్టవచ్చు. తాడికో కొబ్బరికో తీగను తాకే భాగమే మొవ్వు. విద్యుత్ శాఖవాళ్ళు వచ్చి దాన్ని నరికిన రోజు, ఇరవయ్యేళ్ళ చెట్టు ఒక్క వేటుతో ముగిసిపోతుంది. టెంక పాతేముందు ఒకసారి పైకి చూసి, తీగ ఉంటే పది అడుగులు పక్కకు జరగండి.